పైపిల్లగాని విస్తరి

మొన్నొక రోజు గద్వాల పాత బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. గోడకు బిగించిన టీవీలో ఎక్కడిదో ఒక దేశం విమానాలు ఇంకొక దేశం మీద పట్టపగలు బాంబులు వేస్తున్నాయి. ఆ దేశం విమానాలు లేచి వీటిని తరుముతున్నాయి. కింద ఎర్ర పట్టీలో అక్షరాలు వాటికంటే వేగంగా ఉరుకుతున్నాయి. పక్క బల్ల దగ్గర పత్తి విత్తనాల ఏజెంటు ఒకాయన, ఆటో నడిపే అతనొకడు, క్రికెట్ చూసినట్టు చూస్తున్నారు. "ఇటోళ్ళయి రెండు పడ్డయి" అన్నాడు ఏజెంటు. "యాడ పడ్డయి నీ మొహం, అటోళ్ళయే మూడు పడ్డయి" అన్నాడు ఆటో అతను. లెక్క తేలక నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పన్నా. నువ్వైతే ఏక్‌దమ్ పది పడగొడ్తవు" అన్నాడు ఆటో అతను. గద్వాల నుంచి వనపర్తి దాకా నాకున్న పేరు అట్లాంటిది. కోతలు కోస్తానంటారు. కోత అనకూడదు, జరిగినదానికి జర నెయ్యి వేసి వడ్డించడం అనాలి. ఆ రోజు మాత్రం నెయ్యి జోలికి పోలేదు. "మా ఇంట్లో విమానం పడితే ఎన్ని పడ్డాయని అడగరు. అందులో ఉన్నోడు బువ్వ తిన్నడా లేదా అని అడుగుతరు" అన్నాను. ఇద్దరూ నవ్వారు. అదీ ఒక కోతే అనుకున్నారు. వాళ్ళకు చెప్పే ఓపిక లేక లేచి వచ్చాను. మీరైతే మధ్యలో అడ్డం తగల్లేరు కనుక మీకు చెబుతాను.

మాది గద్వాల దిక్కు, గట్టు అనే ఊరి దగ్గర ఒక మెట్ట పల్లె. వాన పడితే జొన్న, కంది, ఆముదం. పడకపోతే వలస. చెరువు కట్ట పోయాలన్నా, డ్యాము కట్టాలన్నా, రైలు పట్టాలకు మట్టి ఎత్తాలన్నా మేస్త్రీలు మా వైపు వచ్చి మనుషులను ముఠాలుగా తీసుకుపోయేవాళ్ళు. దేశంలో ఎక్కడ మట్టి ఎత్తుగా కనిపించినా అది పాలమూరోళ్ళు ఎత్తిందేనని మా తాత చెప్పేవాడు. మరి హిమాలయాలో అని నేను చిన్నప్పుడు అడిగితే, కొంచెంసేపు గడ్డం గోక్కుని, "అవి మన కంటె ముందల పోయిన ముఠా ఎత్తింది" అన్నాడు. నాకీ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

తాతకు ఒక అక్క ఉండేది. నేను పెద్దవ్వ అనేవాణ్ణి. భర్త పోయాక తమ్ముడి ఇంట్లో ఉండేది అని ఊళ్ళో అనేవాళ్ళు గాని, నిజానికి తమ్ముడే ఆమె ఇంట్లో ఉన్నట్టుండేది. తాళాలు ఆమె నడుముకే. కారం దంచినా, ఆవకాయ పెట్టినా, ఎద్దును అమ్మినా ఆమె చెయ్యి పడాల్సిందే. మనిషి పొట్టి, బక్క, గొంతు మాత్రం పొలం ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వినిపించేది. పొయ్యి మీద రొట్టె కాలుతుంటే వాకిట్లో కూర్చునే వాసన పట్టి, "తిప్పెయ్యి, మాడుతున్నది" అనేది. ఆమె దగ్గర ఎప్పుడూ పొగాకు వాసన, కంది పొట్టు వాసన, కొంచెం కట్టెల పొగ వాసన కలిసి వచ్చేవి. నాకు ఇప్పటికీ ప్రేమ అంటే ఆ వాసనే.

ఆమె భర్త ఎట్లా పోయాడంటే, అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. దేశానికి తూర్పు కొసన, బర్మా అడవుల అంచున, విమానాలు దిగడానికి నేల చదును చేయాలని ముఠాలను తీసుకుపోయారు. ఆ ఏడు మాకు వానల్లేవు. తాత, తాత బావ, అంటే పెద్దవ్వ భర్త, ఇద్దరూ పలుగూ పారా పట్టుకుని రైలెక్కారు. రైలు ఎన్ని దినాలు పోయిందో తాత చెప్పే లెక్క ప్రతిసారీ పెరిగేది. ఒకసారైతే దారిలో ఒక పండగ కూడా చేసుకున్నారు. కాని అక్కడ జరిగిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గేది, కోతలు ఆగేవి. అందుకే ఆ ముక్క నేను నమ్ముతాను.

ఆ రోజు వాన వెలిసి ఆకాశం కడిగిన కంచంలా ఉందట. మట్టి తడిసి గంప బరువెక్కింది. అన్నానికి కూర్చోబోతుంటే సైరను కూసింది. అది కూస్తే ఏం చేయాలో ముఠాకు ముందే నేర్పారు. కందకంలో బోర్లా పడాలి, చెవులు మూసుకోవాలి, తల ఎత్తకూడదు. అందరూ పడ్డారు. తూర్పు నుంచి జపాను బాంబుల విమానాలు వరుసలు కట్టి వస్తున్నాయి, వాటి పైన కాపలాగా చిన్న విమానాలు. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో చేను మీదికి పిట్టల గుంపు దిగినట్టే ఉందట. ఇటు వైపు నుంచి తెల్లదొరల విమానాలు లేచి ఎండలోంచి వాటి మీద పడ్డాయి.

మా పెద్దవ్వ భర్త మంచె మీద పెరిగిన మనిషి. మంచె అంటే చేను నడుమ నాలుగు గుంజల మీద కట్టిన అటక. దాని మీద నిలబడి వడిసెలలో రాయి పెట్టి, గిరగిరా తిప్పి, అరుస్తూ విసరడం ఆయన చిన్ననాటి నుంచి చేసిన పని. మంచె మీద ఒకటే నియమం: గుంపు కనబడితే కూర్చోకూడదు, లేచి నిలబడాలి. కూర్చున్నవాడి చేను పిట్టలపాలు. కందకానికి వేరే నియమం ఉంది, నేర్పారు కూడా, ఆయనకూ తెలుసు. కాని ఆకాశం నిండా గుంపు కనబడేసరికి ఆయన ఒళ్ళు పాత నియమాన్నే విన్నది. లేచి మట్టి కుప్ప ఎక్కాడు. తలకు చుట్టిన రుమాలు తీసి, మడిచి, అందులో తడి మట్టిగడ్డ పెట్టి గిరగిరా తిప్పాడు. "హోయ్, హోయ్" అని అరిచాడు. తాత చెయ్యి చాచి కాలు పట్టుకుంటే విదిలించుకుని ఇంకో గడ్డ పెట్టాడు. గడ్డ పోయింది. అదే సమయానికి పైన జపానోళ్ళ చిన్న విమానమొకటి పొగ చిమ్ముకుంటూ గుట్ట అవతలికి వాలిపోయింది. అదే సమయానికి బాంబులూ పడ్డాయి. దుమ్ము తగ్గాక చూస్తే అక్కడ మట్టి కుప్ప లేదు. దొరికినంత మనిషిని అక్కడే మట్టి చేశారు.

తాత ఒక్కడే తిరిగొచ్చి అక్క ముందు నిలబడ్డాడు. ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకుని వచ్చిన మాటలు రెండే రెండు. "బావ గడ్డ ఇసిరిండక్కా. ఇమానం పొగ కక్కుకుంట గుట్టవతల పడ్డది." రెండూ నిజాలే. మధ్యలో ఆయన చేర్చింది ఏమీ లేదు, పక్కపక్కన నిలబెట్టాడంతే. మిగతా పని ఊరు చేసుకుంది. గట్టు దాటేసరికి వడిసెలతో విమానం కూల్చిన మొనగాడయ్యాడాయన. ఆత్మకూరు అంగడిలో రెండు విమానాలు కూలాయి. వనపర్తి చేరేసరికి దొరలు బంగారు బిళ్ళ పంపారు, దాన్ని మేస్త్రీ మింగేశాడు.

ఊరంతా పొగుడుతుంటే పెద్దవ్వ తన పని తను చేసుకుపోయిందట. కొన్నాళ్ళకు తమ్ముణ్ణి పిలిచి, "పడ్డ దాంట్ల మనిషి ఉండెనా" అని అడిగింది.

"ఉండకుంటె ఎట్ల నడుస్తదక్కా."

"ఎంతమంది?"

"ఒక్కడే. గా ఇమానం చిన్నది."

"ఎంత వయసుంటది?"

"ఏమో, నా ఈడోడు ఉంటడు."

తాత ఆ రోజు పెద్ద విమానమని చెప్పి ఉంటే మా ఇంటి గతి ఏమయ్యేదో తలచుకోను కూడా లేను. ఎందుకంటే ఆ ఏడు పెత్రమాస నాడు, అంటే పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తళ్ళలో పెట్టే అమావాస్య నాడు, పెద్దవ్వ భర్తకు ఒక విస్తరి వేసింది, దాని పక్కన ఇంకొకటి వేసింది. భర్త విస్తట్లో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పుంటికూర. రెండో దాంట్లో వరి అన్నం, ఎందుకంటే జపానోళ్ళు అన్నమే తింటారని తాత ఎప్పుడో నోరు జారాడు. మా మెట్ట ఊళ్ళో ఆ రోజుల్లో వరన్నం పండక్కో జ్వరానికో తప్ప కనబడేది కాదు. తాతకు అది కడుపుమంట. "బావకు జొన్నరొట్టె, వానికి వరిబువ్వనా. వాడు మన మీద బాంబులెయ్య వచ్చిండే అక్కా" అన్నాడు. "వస్తె వచ్చిండు. మనోని చేతుల పడ్డడు గద. వాడు యాడ పడ్డడో వాళ్ళమ్మకు ఎర్కనా. ఆమె యాడని పెడ్తది. మనమే పెట్టాలె" అంది పెద్దవ్వ. అట్లా ఆ పేరు తెలియని మనిషి మా ఇంట్లో పైపిల్లగాడయ్యాడు. నేను పుట్టేసరికే ఆయన మా పెద్దల్లో ఒకడు. చాలాకాలం నేనాయన్ని మా బంధువే అనుకున్నాను, కొంచెం ఎత్తులో ఉద్యోగం చేసిన బంధువు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను వనపర్తిలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒకసారి పెత్రమాసకు ఊరికి వచ్చాను. పెద్దవ్వ మంచం పట్టి ఉంది. జ్వరం తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. దవాఖానకు పోదామంటే, "ఆడికి పోయినోళ్ళు ఆడనే ఉంటరు" అంటుంది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "నేను పోతె పైపిల్లగానికి ఎవరు పెడ్తరు బిడ్డా" అని అడిగింది. "మీ తాత వాళ్ళ బావకైతే పెడ్తడు. వానికి పెట్టడు, నాకెర్కే. ఆకలైతె వాడు పోయి మీ పెదతాతను పట్టుకుంటడు. బతికినప్పుడు కొట్లాడిరి. ఆడ గూడ కొట్లాటనేనా వాళ్ళకు." ఆమె చెయ్యి నా చేతిలో కాలుతోంది. ఆ భయం జ్వరం తెచ్చింది కాదని, ఎన్నాళ్ళ నుంచో లోపల ఉన్నదేనని నాకప్పుడు తెలిసింది.

"నేను పెడతాలే అవ్వా" అని ఒట్టు వేసి ఉంటే సరిపోయేది. కాని నాకు జాలి కలిగింది, జాలి కలిగితే నా నోరు నా మాట వినదు. "పెట్టే పనే లేదవ్వా, వాడు సావలేదు" అన్నాను. కాలేజీ లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివానన్నాను. విమానం పడేలోపలే వాళ్ళు గుడ్డ గొడుగు కట్టుకుని దూకుతారనీ, మన పైపిల్లగాడు అట్లాగే దూకి తేయాకు తోటలో దిగాడనీ, తోటవాళ్ళు చాయ్ పోసి కూర్చోబెట్టారనీ చెప్పాను. అక్కడ ఆగవచ్చు. ఆగలేదు. యుద్ధం అయ్యాక వాణ్ణి వాళ్ళ దేశం పంపాను, పెళ్ళి చేశాను, ఇద్దరు ఆడపిల్లలను ఇచ్చాను, ఒక సైకిళ్ళ కంపెనీలో ఉద్యోగం కూడా వేయించాను.

పెద్దవ్వ లేచి కూర్చుంది. "బతికున్నడా" అంది.

"నిక్షేపంగా ఉన్నాడవ్వా."

"బతికున్నోనికి పెత్రమాస ఆకు పెట్టిన్నా" అంది.

మా వైపు మనుషులు గొడవపడి తిట్లన్నీ అయిపోయాక ఆఖరున అనే మాట ఒకటుంది, నీ పేరు మీద ఆకు పెడ్త అని. బతికున్నవాడి పేర ఆకు వేయడమంటే చావు కోరడం. ఆమె ఏటేటా, శుభ్రంగా స్నానం చేసి, కొంగు నడుముకు బిగించి, ఎవరి కొడుకుకో, ఇద్దరాడపిల్లల తండ్రికో చావు కోరింది. "ఆ పిల్లలు నాకేం జేసిన్రు బిడ్డా" అంది. అంతే, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట గంజి ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. మా అమ్మ బతిమాలితే, "అన్నెం పున్నెం ఎరగనోని నోట్ల మట్టి కొట్టిన. నా నోట్లకు బువ్వ ఎట్ల పోతది" అంది.

పోయి కాళ్ళు పట్టుకున్నాను. "ఉత్తగనే అన్న అవ్వా. ఏ బుక్కులో లేదు" అన్నాను. ఆమె నా తల నిమిరి, "నా పానం కోసం ఇప్పుడు అబద్ధమాడుతున్నవు బిడ్డా" అంది. ఎన్నో కోతలు కోశాను, అందరూ నమ్మారు. బుద్ధిగా ఒక నిజం చెబితే ఈ మర్యాద జరిగింది. తాత వచ్చి, "వాడు సచ్చిండక్కా, నా కండ్లతోని చూసిన" అన్నాడు. "పొగను చూసిన అంటివి. మనిషిని చూసినవా" అంది. తాత ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నది బయట పెట్టేశాడు. "అసలు బావ కొట్టనే లేదే. గా గడ్డ ఏడికో పాయె. ఇమానాన్ని దొరలోళ్ళు కొట్టిన్రు." పెద్దవ్వ కళ్ళు కూడా తెరవలేదు. "మబ్బులల్ల పొయ్యేదానికి మట్టిగడ్డ తాకదని నాకెర్కలేదారా. కొట్టాలనే ఇసిరిండు గద. సాలదా" అంది.

తాత నన్ను వాకిట్లోకి లాక్కొచ్చాడు. "నేను రెండు మాటలు జెప్పి నా జిందగంత నడిపించిన. నువ్వు వానికి పెండ్లి జేసి పిల్లలను గూడ పుట్టించినవు. యాడనన్న ఆగొద్దారా" అన్నాడు. కోత కోసినందుకు కాదు, కొలత తప్పినందుకు ఆయన కోపం.

గట్టులో సైకిళ్ళు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. ఆ యుద్ధంలోనే ఆ తూర్పు వైపే మిలిటరీ లారీ నడిపినవాడు. జీవితంలో ఒక్క కోత కోసి ఎరగడు. మా ఇంట్లో దాన్నొక అంగవైకల్యంలా చూసి జాలిపడేవాళ్ళం. పెద్దవ్వ ఎవరి మాటైనా నమ్ముతుందంటే ఆయన మాటే. అమావాస్య నాడు పొద్దున్నే నేనూ తాతా ఆయన దుకాణానికి పోయాం. "సచ్చిండని ఒక్క మాట జెప్పు భాయ్" అన్నాడు తాత. అప్పుడు చావలేదు, ముసలితనంలో ఈ మధ్యే పోయాడని చెబితే ఎట్లా ఉంటుంది అని నేను నా ఆలోచన చెప్పాను. చాచా ట్యూబుకు అతుకు వేయడం ముగించి, చేతులు తుడుచుకుని, "మీ ఇద్దరు ముందుగాల ఒక మాట మీదికి రండ్రి" అన్నాడు. మేము రాలేదు. ఆయన దుకాణం మూసి సైకిల్ తీశాడు. దారిపొడుగునా తాత క్యారేజీ మీద కూర్చుని ఆయన వీపుకు పాఠం చెబుతూనే ఉన్నాడు.

ఇంట్లో వంట అయిపోయింది. విస్తళ్ళు ఇంకా వేయలేదు. పెద్దవ్వను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. చాచా ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"సాయిబూ, నువ్వు మిల్ట్రీల ఉంటివి. నిజం జెప్పు. వాడు సచ్చిండా, బతికిండా" అంది. ఆమె వెనక నుంచి తాత మెడ మీద చెయ్యి అడ్డంగా ఆడిస్తున్నాడు.

"తెల్వదక్కా" అన్నాడు చాచా.

తాత చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"పగటి పూట బాంబులేస్తుంటె మేం లారీ కిందికి దూరేది" అన్నాడు చాచా. "పైన మనయెన్నో వాళ్ళయెన్నో ఎట్ల తెలుస్తది. అన్నీ ఎండల మెరుస్తుండె. ఒకటి కూలితె సంబురపడి అరిచేది. పడ్డది మనోడేనని అటెనక తెలుస్తుండె. అట్ల ఎన్నిమార్లు అరిచిన్నో." కొంచెంసేపు నేల మీద గీత గీశాడు. "ఒకసారి వాళ్ళది చిన్నదొకటి బురదల దిగింది. పోయి చూసి రమ్మన్నరు. పోతె మనిషి లేడు. కూసునేకాడ చిన్న డబ్బ ఉండె. అండ్ల బువ్వముద్ద. సగం తిన్నడు."

"సగమేనా" అంది పెద్దవ్వ.

"సగమే."

"వరిబువ్వనా?"

"వరిబువ్వే. అది మీ పిల్లగాడో, ఇంకొకడో నాకు తెల్వదు. దుంకిండో, సచ్చిండో, అడివిల పడి ఏడికన్న పోయిండో అది గూడ తెల్వదు. తెల్సుంటె జెప్తుంటి."

పెద్దవ్వ తమ్ముడి వైపు ఒకసారి చూసింది, వరి అన్నం సంగతైనా నిజమే చెప్పావు అన్నట్టు. "సచ్చుంటె పెట్టకుంట ఉండొద్దు. బతికుంటె పెట్టనే పెట్టొద్దు. నేనేం జెయ్యాలె సాయిబూ" అంది. కుండలో అన్నం ఆవిరి వాసన వాకిలి దాకా వస్తోంది.

"నాకైతె ఆకలైతున్నదక్కా" అన్నాడు చాచా. "పొద్దుగాల చాయ్ నీళ్ళు తాగి కూసున్న. మీవోళ్ళు వచ్చి నన్ను పరేషాన్ జేసిన్రు. జర బువ్వ పెట్టు. కని పెద్దలకు మొక్కినంక గాదు, అది మేం తినం, నీకెర్కే గద. మొక్కకముందుగాల కుండల్నించి తీసి పెట్టు."

పెద్దవ్వ ఆయన మొహం వైపే చూస్తూ ఉంది. తర్వాత మా అమ్మ భుజం పట్టుకుని లేచింది. పెద్దల వరుసలో కాదు, గడప పక్కన, చుట్టం వస్తే వేసేచోట చాప వేయించింది. విస్తరి వేసి, ఇంకా ఎవరికీ మొక్కని కుండలోంచి వరి అన్నం తనే తీసి వడ్డించింది. "వాని పేరు మీద తిను సాయిబూ. బతికుంటె మా ఇంటికి సుట్టమొచ్చి తిన్నడనుకుంట" అంది.

"బతికి లేకుంటె నేనే తిన్ననుకో" అన్నాడు చాచా. "ఆకలి మాత్రం నిజంగనే ఉన్నది."

"సగం ఇడ్సిపెట్టకు" అంది.

విడవలేదు. ఆమె ఎదురుగా గోడకు ఆనుకుని, ఆఖరి మెతుకు దాకా చూసింది. ఆయన చెయ్యి కడుక్కున్నాక, లోపలికి పోయి భర్త విస్తరి ఒక్కటే వేసి మొక్కింది. మొక్కి వచ్చి మా అమ్మతో, "నాకు జర గంజి పొయ్యి" అంది. తాత పెరట్లోకి పోయి ముక్కు చీదుకుని వచ్చాడు. పొయ్యి పొగ అన్నాడు. పొయ్యి అప్పటికే ఆర్పేశారు.

ఆ తర్వాత పెద్దవ్వ చాలా ఏళ్ళు బతికింది. ఏటా పెత్రమాస మధ్యాహ్నం చాచా ఉతికిన తెల్ల లాల్చీ తొడుక్కుని, చెవిలో అత్తరు దూదితో వచ్చి గడప పక్కన కూర్చునేవాడు. మొదట్లో అన్నం పలుకుపలుకుగా ఉండేది. పోనుపోను మెత్తబడింది, కూరలో కారం తగ్గింది. ఒకసారి ఆయన ఉండబట్టలేక, "అక్కా, బువ్వ జావ లెక్క అయితున్నదే" అన్నాడు.

"వానికి పండ్లు ఊడుంటయి సాయిబూ. మా తమ్ముని ఈడోడు" అంది పెద్దవ్వ.

"నాకున్నయి గద."

"నీకుంటె ఏంది. నీకు పెడ్తున్ననా నేను."

చాచా నోరు మూసుకుని తినేవాడు. పెద్దవ్వ నన్ను మాత్రం అప్పుడప్పుడు పక్కకు పిలిచి, వాని బిడ్డల పెండ్లిళ్ళయినయా అని అడిగేది. ఏ బుక్కులో లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా అడిగేది. చివరికి ఇద్దరికీ మంచి సంబంధాలే చూశాను. అల్లుళ్ళలో ఒకడికి తాగుడు అలవాటు పెడదామనుకుని, ఆమె మొహం చూసి మానేశాను.

ఆమె ఉన్న ఆఖరు ఏడు, నడుము పూర్తిగా వంగిపోయి, ఒక చేత్తో గోడ పట్టుకుని వడ్డిస్తోంది. పైపిల్లగానికి గుజ్జులా పిసికిన అన్నం, ఉప్పు తక్కువ పప్పు. భర్త విస్తట్లో మాత్రం ఎప్పటిలాగే కట్టెల పొయ్యి మీద గట్టిగా కాల్చిన జొన్నరొట్టె, చితక్కొట్టని ఉల్లిగడ్డ, అంత పొడుగు పచ్చిమిరపకాయ. ఆ రొట్టె నేను కొరికినా దవడ నొప్పి పుడుతుంది. "ఆయనకు గూడ జర మెత్తగ పెట్టరాదా అవ్వా" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది. "ఆయనకేమైందిరా" అంది. "పడుచోడు."

ఒకడు పైనుంచీ ఒకడు కిందనుంచీ ఒకరినొకరు తరుముకున్న ఆ ఇద్దరిలో ఒకడు మా ఇంట్లో మెల్లగా ముసలివాడయ్యాడు, ఒకడు కాలేదు. ఇద్దరికీ వడ్డించిన ఆ చెయ్యే, ఇద్దరి కాలమూ తనే మోస్తూ, ఏటికింత వణకడం నేర్చుకుంది.